జీపుకు ఇనుప గోచి

"శనివారం అంగడి నాటికి నీ జీపు క్యాంపు గేటు దాటలేదనుకో, పాత ఇనుము కొనేటోనికి తూకానికి ఇచ్చేస్త!" అంది సమ్మక్క, చీపురు నేలకేసి కొడుతూ.

అప్పయ్య పరుగున పోయి జీపుకు అడ్డం నిలబడ్డాడు. పెళ్ళాం మాటంటే మాటే. పోయిన ఏడు ఇట్లాగే అని, ఆయన రేడియోను సత్తు గిన్నెలకు మార్చేసింది.

ఆ జీపంటే అప్పయ్యకు ప్రాణం. తర్లగూడకు మొట్టమొదట వచ్చిన జీపు అదే. దాని హారన్ విని ఒకసారి పెద్దపులి దారి ఇచ్చిందట, ముందుకాలు ఎత్తి సలాం కూడా కొట్టిందట. ఎంతమంది పెళ్ళికొడుకుల్ని మోసిందో లెక్కలేదు. ఇప్పుడు పెరట్లో పడి ఉంది. వెనక సీటులో నల్లకోడి పొదుగుతోంది.

"దీంతోని నీకొచ్చే ఉపకారమేందయ్యా? కోళ్ళు పండను తప్ప!"

"క్యాంపుల బాడుగకు పెట్టుకుంటరే. చూస్తుండు."

గుట్ట తవ్వే కంపెనీ వచ్చిన రోజులవి. ఊరి మిట్ట కిందనే క్యాంపు వేశారు. జీపున్నవాడల్లా అక్కడికే పరుగు. కానీ ముందుగా పోయిన కాశయ్య జీపు అందరి కొంప ముంచింది. గుట్ట ఎక్కుతుంటే రాయి తగిలి దాని ఆయిల్ చాంబర్ పగిలింది. అందులో ఉన్న కంపెనీ పెద్దసాబు మిట్టమధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు. అప్పటినుంచి క్యాంపు లెక్కలు చూసే మున్షీది ఒకటే మాట. పొట్ట కింద మందపాటి ఇనుప రేకు లేని బండి గేటు లోపలికి రాకూడదు.

మిగతా జీపులవాళ్ళు తలలు పట్టుకున్నారు. అప్పయ్య ఒక్కడే మీసం దువ్వాడు.

మొదట రోడ్డు పనివాళ్ళు పారేసిన తారు డ్రమ్ము కోసి చదును చేశాడు. నల్లకోడి దాని మీద ఎక్కి దిగితే సొట్ట పడింది. లాభం లేదనుకుని, తుప్పల్లో పడి ఉన్న టిప్పర్ వెనక తలుపు ఒకటి ఎడ్లబండి మీద వేసుకుని కమ్మరి మాసా కొలిమికి పోయాడు. ఆ బరువుకు ఎడ్లు మోకాళ్ళ మీద నడిచాయని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు మొదలుపెట్టారో వేరే చెప్పాలా?

"జీపు తీస్కరా మామా, కొలత చూస్త," అన్నాడు మాసా.

"జీపెందుకురా? తాడుతోని కొలిచి తెచ్చిన గద!"

మాసా ఆ ముడులు వేసిన తాడు పరిచి చూసి నోరు తెరిచాడు. "ఇది రేకా, తెప్పనా? రేడియేటర్ కాడి నుంచి గేర్‌బాక్సు దాటిపోతాంది!"

"పెద్ద పొట్ట. కప్పాలె గద."

తిత్తి బుస్సుమంది. బొగ్గులు రాజుకున్నాయి. రాయి తగిలితే జారిపోయేలా మాసా ముందు అంచును కాల్చి, చేట మూతిలా పైకి వంచాడు. బోల్టులకని పక్కలకు చెవులు తీశాడు. తర్వాత సుద్దముక్క పట్టుకుని నడుమ సున్నాలు గీయడం మొదలుపెట్టాడు.

"గవేందిరా?"

"బొక్కలు మామా. బురద కారాలె, గాలి తగలాలె. ఆయిల్ దింపాలంటే ఎట్ల మరి?"

"ఒక్క బొక్క పడ్డదో, నీకూ నాకూ చుట్టరికం లేదు!"

"లోపల ఉడికిపోతది మామా!"

"ఉడికితే నేను తింట. నువ్వు కొట్టు."

రేకు ఇంటికి చేరింది. బిగించడానికి వస్తానని మాసా ఎంత బతిమాలినా అప్పయ్య ఒప్పుకోలేదు. జీపు చుట్టూ తడికెలు కట్టి, కింద వెల్లకిలా పడుకుని తానొక్కడే బిగించాడు. సమ్మక్క తడిక సందులోంచి చూసి పడీపడీ నవ్వింది.

"బాగున్నదయ్యా! ముసలిదానికి ఇనుప గోచి!"

శనివారం పొద్దున్నే అప్పయ్య స్టీరింగ్ పట్టుకున్నాడు. సమ్మక్క వెనక నుంచి ఒక్క తోపు తోసింది. మిట్ట మీది నుంచి క్యాంపు దాకా అంతా దిగుడే. జీపు పిల్లిలా వచ్చి మున్షీ ముక్కు ముందు ఆగింది.

మున్షీ ఎగిరిపడ్డాడు. "అరే! ఆవాజే లేదు, చప్పుడే లేదేంటి?"

"నిండుకుండ తొణకదు సాబ్."

మున్షీ వంగి చూశాడు. "ముందు భాగం బాగా ఎత్తుగా ఉందే! మంచిదే, రాళ్ళు తగలవు." నేల మీద పడుకుని సుత్తితో రేకును కొట్టాడు. ఖంగుమంది. ఇంకోచోట కొట్టాడు. అక్కడా ఖంగుమంది. వేలు పెట్టి సందుల కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"శాబాష్! రేకంటే ఇదీ!"

లేచి దుమ్ము దులుపుకుని, బానెట్ మీద చెయ్యి వేశాడు.

అప్పయ్య సీట్లోంచే చెయ్యి అడ్డం ఊపాడు. పాత ఇనుము కొనేవాడి తక్కెడ కళ్ళముందు ఊగింది.

"సాబ్, సాబ్! ఇప్పుడే ఉరికొచ్చిన బండి. మూత తీస్తే ఆవిరి మొహానికి కొడతది. మొన్న కాశయ్య మీసం అట్లనే పోయింది."

మున్షీది గుబురు మీసం. ఠక్కున చెయ్యి తీసేసి, ఆ చేత్తోనే మీసం కప్పుకున్నాడు.

"పాస్! ఆ చివర వరసలో పెట్టు. పెద్దసాబులు వచ్చినప్పుడు బండ్లు నిండుగా కనబడాలి. మీ వంతు వస్తే పిలుస్తాం."

అప్పయ్య సీట్లోంచి కదలకుండానే కూలీలను కేకేశాడు. "తొయ్యండిరా! గింత దూరానికి స్టార్ట్ చేసుడెందుకు? డీజిల్ కంపెనీది గద, నాకు మనసొప్పదు."

మున్షీ కళ్ళు చెమర్చాయి. మిగతా డ్రైవర్లందరినీ పిలిచి, "చూడండి, ఈమాందార్ అంటే ఇతను! నిజాయితీ అంటే ఇదీ!" అని అప్పయ్య భుజం తట్టాడు.

ఆ రేకు పైన ఉండాల్సిన ఇంజను మాత్రం, దసరా నుంచీ ఉన్నట్టే, వాగు ఒడ్డున సమ్మక్క మిరప చేనుకు డుగుడుగుమంటూ నీళ్ళు తోడుతోంది.