పక్కింటి శత్రువు

కోసాడ్ కాలనీలో రాహేలమ్మకు ఉన్న శత్రువు ఒక్కడే. పక్కింట్లో ఉంటూ మరమగ్గాల మిల్లులో సాంచాలు నడిపే దశరథ. ఇల్లు కడిగిన నీళ్లన్నీ రోజూ ఆమె గుమ్మంలోకే నెట్టేవాడు.

శత్రువుల కోసం పేరుపెట్టి ప్రార్థించమని పాస్టరుగారు చెప్పారు. రాహేలమ్మ పొద్దున్నే గొంతెత్తి ప్రార్థించేది.

"ప్రభువా, దశరథ మోకాళ్ల నొప్పి తగ్గియ్యి. వాని సాంచాలు ఆగకుండ నడిపియ్యి. వానికి మంచి బుద్ధి ఇయ్యి."

మధ్యలో ఉన్నది పలుచటి గోడ. చివరి మాట ఆమె ఇంకాస్త గట్టిగా అనేది.

ప్రార్థన పనిచేసిందో, రోజూ వినలేక విసుగెత్తిందో, దశరథ నీళ్లు నెట్టడం మానేశాడు. ఒకరోజు గిన్నెడు పచ్చిపులుసు కూడా ఇచ్చాడు. ఇక శత్రువు కాడు కనుక రాహేలమ్మ ప్రార్థనలోంచి అతని పేరు తీసేసి, నీళ్ల మోటారు సరిగ్గా వేయని వాచ్‌మన్‌ను ఆ స్థానంలో పెట్టుకుంది.

నిన్న సాయంత్రం తలుపు తీస్తే గుమ్మం నిండా నీళ్లు. దశరథ ఖాళీ బకెట్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఏంది తమ్మీ గిది? మంచిగనే ఉంటున్నం గద?"

"మంచిగైనకాడికెల్లి నువ్వు నా పేరే ఎత్తుతలేవక్కా" అన్నాడు దశరథ నేల చూస్తూ. "రేపు గుండె ఆపరేషన్‌కు దవాఖాన్ల చేరుతున్న."

రాహేలమ్మ చీపురు తెచ్చుకుని నీళ్లు ఊడ్చుకుంది.

పొద్దున గోడ అవతలికి ఆమె గొంతు మామూలుగానే వినిపించింది.

"వాని బుద్ధి సంగతి మళ్ల చూద్దాం ప్రభువా. ముందుగాల మనిషిని ఇంటికి తోలియ్యి."