డెబ్బై గ్రెయిన్లు

"ఎక్కువైంది బాబూ."

వెనకనుంచి తెలుగు వినిపించేసరికి గిరిధర్ ఉలిక్కిపడ్డాడు.

న్యూజిలాండ్‌లో హామిల్టన్ ఊరి బయట తుపాకుల క్లబ్బు అది. చుట్టూ గడ్డి, ఆవులు, కొందరు కివీ ముసలాళ్లు. అక్కడ తెలుగు మాట వినపడుతుందని ఎవరనుకుంటారు?

తిరిగి చూశాడు. మడత కుర్చీలో ఒక పెద్దావిడ. చీర మీద స్వెట్టరు, ఒళ్లో ఫ్లాస్కు.

"ఏం ఎక్కువైంది ఆంటీ?"

"మందు. ఎంత పోశావు?"

"తొంభై గ్రెయిన్లు."

"డెబ్బై పోసి చూడు."

గిరిధర్‌కు ఒళ్లు మండింది.

మండదా మరి? రోటోటూనాలో ఇల్లు కొంటే వాకిలి ఎటుండాలో ఆంటీలే చెప్పారు. పిల్లను ఏ స్కూల్లో వెయ్యాలో ఆంటీలే చెప్పారు. శనివారం పూట కాసేపు తుపాకీ కాల్చుకుందామంటే ఇక్కడా ఒక ఆంటీ!

"మీకు షూటింగ్ వచ్చా ఆంటీ?"

"అమ్మో, నాకా? ఎప్పుడూ కాల్చలేదు."

అదీ వరస.

అతని తుపాకీ పాతకాలపు పద్ధతిది. గొట్టం మూతిలోంచి మందు పోసి, నూనె గుడ్డలో చుట్టిన సీసం గుండును కడ్డీతో లోపలికి దించి కాల్చాలి. అలాంటి ప్రతి తుపాకీకీ నప్పే మందు కొలత, ఇన్ని గ్రెయిన్లని, ఒకటుంటుంది. కొంచెం కొంచెం మారుస్తూ, కాల్చి చూసుకుంటూ దాన్ని పట్టుకోవాలి. ఈ సెకండ్ హ్యాండ్ తుపాకీ కొన్నప్పటినుంచీ గిరిధర్ పడుతున్న పాట్లన్నీ దానికే.

ఈస్టర్ పోటీ దగ్గరికొచ్చేస్తోంది. పోయినేడు అతనే ఆఖరు. ఈసారీ గుళ్లన్నీ ఒక్కచోట పడకపోతే ముసలాళ్లంతా వరసగా వచ్చి భుజం తట్టి ఓదారుస్తారు. అది భరించడం మాత్రం అతని వల్ల కాదు.

తర్వాతి శనివారమూ ఆవిడ వచ్చింది.

గిరిధర్ పట్టుదలగా ఇంకాస్త మందు పెంచాడు. గుళ్లు గురి అట్ట నిండా చెల్లాచెదురుగా పడ్డాయి.

"చప్పుడు పగులుతోంది బాబూ."

"చప్పుడుతో పనేంటి ఆంటీ? గుండు ఎక్కడ పడిందో చూడాలి గానీ."

"అది కాదు, ఈ తుపాకీ..."

"ఆంటీ, ప్లీజ్! నేను అన్నీ చదివే స్టార్ట్ చేశాను. నన్ను కాల్చుకోనివ్వండి."

ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి అతనికి అందించింది. వద్దన్నాడు.

అప్పుడే ఇంకో సంగతి గమనించాడు. చెవులు దెబ్బతినకుండా అందరూ మఫ్స్ పెట్టుకోవాలన్నది క్లబ్బు రూలు. పక్కవాళ్లు కాల్చినంతసేపూ ఆవిడ బుద్ధిగా పెట్టుకునే ఉంది. అతను గురి చూడగానే ఒక చెవి మీది మఫ్ పైకెత్తుతోంది!

ఇంటికెళ్లి భార్య నిరుపమ ముందు గయ్యిమన్నాడు.

"అంత చులకనా నేనంటే? వాళ్లవి తుపాకులూ, నాది సిసింద్రీనా?"

"పాపం, పెద్దావిడ కదా. ఎవరంట?"

"ఎవడడిగాడు?"

"పేరైనా అడగలేదా?"

"పేరడిగితే పరిచయం, పరిచయమైతే ఇంకో పది సలహాలు. నాకెందుకొచ్చిన గొడవ!"

కాఫీ అయినా తాగకుండా క్లబ్బుకు మెయిల్ కొట్టాడు. రూలంటే అందరికీ రూలే.

ఆ వచ్చే శనివారం క్లబ్బు ఆఫీసర్ ఆవిడ దగ్గరికెళ్లి మర్యాదగానే ఏదో చెప్పాడు. ఆవిడ మఫ్స్‌ను కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది. కుర్చీ మడుచుకుని వెళ్తూ గిరిధర్ దగ్గర ఆగింది.

"బాగా కాల్చు బాబూ."

దానిక్కూడా గిరిధర్‌కు చిర్రెత్తుకొచ్చింది.

మరుసటి వారం ఆవిడ రాలేదు. గిరిధర్ డెబ్బై పోశాడు. ఆవిడ మాట మీద గౌరవంతో కాదు, కచ్చగా. డెబ్బైతో కూడా కుదరదని తేల్చేస్తే ఆ అంకె పీడ విరగడవుతుందని.

తుపాకీ మోగింది.

మఫ్స్ ఉన్నా అతనికి తేడా తెలిసింది. చప్పుడు పగల్లేదు. పెద్ద టేకు తలుపు మూసినట్టు నిండుగా వచ్చింది.

మళ్లీ మళ్లీ కాల్చాడు. గుళ్లన్నీ టీ సాసరంత చోటులో పడ్డాయి.

"ఆంటీ, చూశారా!" అంటూ వెనక్కి తిరిగాడు.

కుర్చీ ఉండే చోట గడ్డి తప్ప ఏమీ లేదు. అతనికి కాస్త సిగ్గేసింది. ఆవిడను మళ్లీ రానివ్వమని క్లబ్బుకు తనే చెబుదామనుకున్నాడు. టీ ఇస్తే ఈసారి తాగుదామని కూడా అనుకున్నాడు.

ఇంటికి వెళ్తూ, మందు కొనడానికి తనకు తుపాకీ అమ్మిన షాపులో ఆగాడు. అట్ట తీసి కౌంటర్ మీద పరిచాడు.

"దొరికింది! డెబ్బై గ్రెయిన్లు!"

షాపు కివీ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని అట్ట చూశాడు.

"దాని పాత ఓనరూ డెబ్బయ్యే పోసేవాడు. డాక్టర్ రాజారావు. మీవాళ్లే. ఆయన పోయాక ఇంట్లో ఇంకెవరికీ లైసెన్స్ లేక నా దగ్గర అమ్మకానికి పెట్టారు."

"నాకు ముందే చెప్పొచ్చుగా?" గిరిధర్‌కు మళ్లీ కోపం వచ్చింది.

"నువ్వు అడగలేదుగా."

"సరే, ఆయన ఇంట్లోవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ అట్ట చూపిస్తాను. సంతోషిస్తారు."

"భార్య ఉండేది. మొన్ననే డునెడిన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, ఇక అక్కడే ఉంటుంది" అన్నాడు పెద్దాయన, మందు డబ్బా అందిస్తూ. "ఆయన కాల్చినంతకాలం పక్కనే కుర్చీ వేసుకుని విన్న ఆ చప్పుడు వెళ్లేలోపు ఒక్కసారి వినాలని, నువ్వు కాల్చే చోటు నన్నడిగి తెలుసుకుని, ప్రయాణం కూడా వాయిదా వేసుకుంది, విన్నదో లేదో మరి నీకే తెలియాలి."