కాన్‌స్టెన్సీ ఓడ గంట

"దొంగ! గంట దగ్గర దొంగ!"

వంటమనిషి కేకకి ఆగస్టా మేడ మీంచి పరుగున దిగింది.

వరండాలో వేలాడుతున్న ఓడ గంట కింద ఒక ముసలామె నిలబడి ఉంది. వయసు ఎనభైకి తగ్గదు. చేయి మోచేతిదాకా గంట లోపల ఉంది. బయటికి తీసేసరికి ఆ చేతిలో ఆకురాయి కనిపించింది.

పొద్దున్నే వచ్చి, "గంట తోమిపెడతానమ్మా, కూలి వద్దు, కాస్త టీ ఇప్పించండి చాలు" అన్న మనిషే.

కూలి వద్దన్నప్పుడే అనుమానించాల్సింది అనుకుంది ఆగస్టా.

ఆగస్టా అడ్మిరల్ గిడియన్ ట్రెస్కాట్‌కి ఒక్కతే కూతురు. నలభై ఏళ్ళు సముద్రం మీద అందర్నీ గడగడలాడించిన ఆ పెద్దమనిషి, కూతురు ఒక్క కేకేస్తే బుద్ధిగా వచ్చి భోజనానికి కూచుంటాడు.

ఆమెకి ఇప్పుడు ఒకటే పట్టుదల. తండ్రికి లార్డ్ బిరుదు రావాలి. ట్రెస్కాట్ వంశంలో ఐదు తరాలుగా కొడుకు తర్వాత కొడుకు, అందరూ ఓడ కెప్టెన్లే. ఆ వంశావళిలో మచ్చేదీ లేదని తేల్చుకోవడానికి సోమవారం లండన్ నుంచి అధికారి వస్తున్నాడు. ఆగస్టా తాతగారికి పెళ్ళైన పద్నాలుగేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు గిడియన్. ఆ తాతగారు నడిపిన కాన్‌స్టెన్సీ ఓడని పాతబడిపోయిందని కిందటి నెలే విరగ్గొట్టేశారు. అధికారి కళ్ళబడాలని దాని గంటని తెప్పించి వరండాలో కట్టించింది ఆగస్టా.

"కంచు గీరి అమ్ముకుందామనా?"

"అయ్యో, కాదమ్మా. లోపల మరకుంది. పావుగంట ఇప్పించండి, అయిపోతుంది."

"ఆకురాయితో మరక తోముతారా ఎవరైనా?"

ముసలామె ఆకురాయిని శాలువా చాటుకి తీసుకుంది.

"లండన్ దొర సోమవారమే కదమ్మా వచ్చేది? అన్నీ తిరగేసి చూస్తాడటగా?"

"చెంచాలు కూడా తిరగేసి చూస్తాడు. నీకెందుకు?"

"అందుకేనమ్మా. ఒక్క పావుగంట."

"జేబెజ్! ఈమెని గేటు దాటించు."

తోటమాలి జేబెజ్ ఆకురాయి లాక్కుని ఆమె భుజం పట్టుకున్నాడు. ముసలామె నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అయ్యగారికి చలికాలం దగ్గొస్తుందా అమ్మా?"

"మా నాన్న దగ్గుతో నీకేం పని? నడు!"

బయట వాన మొదలైంది. ముసలామె శాలువా నెత్తిన కప్పుకుని రేవు వైపు నడిచింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక పాదిరి ఒక మాట చెప్పాడు.

"రేవు మెట్ల మీద ఒక ముసలామె చనిపోయింది. నిన్న వానలో పడవవాడు ఎక్కమంటే, కొంచెం పని మిగిలింది, సోమవారం లోపల చెయ్యాలి, ఇక్కడే ఉంటాను అందట. గోళ్ళ నిండా కంచు రజను. రేపు పదింటికి పూడుస్తాం. ఆమె పేరు ఎవరికైనా తెలుసా?"

తను గెంటించిన మనిషేనని ఆగస్టాకి తెలిసిపోయింది. అయినా తలెత్తలేదు.

సోమవారం పొద్దున్నే అడ్మిరల్ పతకాలన్నీ పెట్టుకుని తయారయ్యాడు. గంట మీద గీతలుంటే అధికారి వచ్చేలోపు నున్నగా చేయమని ఆగస్టా జేబెజ్‌కి పురమాయించింది. అతను గంట దించి తిరగేశాడు.

"బయట ఒక్క గీత కూడా లేదమ్మగారూ. గీరిందంతా లోపలే."

"లోపలేముంది గీరడానికి?"

"పేర్లు. నేను ఓడల్లో పనిచేసినప్పుడు చూశాను. ఓడ మీద బిడ్డ పుడితే గంట తిరగేసి, అందులో నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. ఆ బిడ్డ పేరు, తల్లి పేరు లోపల చెక్కుతారు. ఇందులో పదకొండు మంది ఉన్నారు. పదిమంది జోలికి పోలేదు ముసల్ది. ఒక్కటే అరగదీసింది. అదీ సగమే."

ఆగస్టా వంగి చూసింది.

ఇంటిపేరు పూర్తిగా అరిగిపోయింది. తల్లి పేరు టామ్సిన్ అని ఇంకా లీలగా కనిపిస్తోంది. ట్రెస్కాట్ వంశావళిలో ఆ పేరు ఎక్కడా లేదు. బిడ్డ పేరు గిడియన్. పక్కన అరవై ఏళ్ళ కిందటి మార్చి మూడో తారీఖు.

ఏటా మార్చి మూడున ఆగస్టా తండ్రికి కుంకుమపువ్వు కేకు చేస్తుంది.

"నాన్నా," అంది. ఆ పేరు వేలితో చూపించింది.

అడ్మిరల్ వచ్చి వంగాడు. అరిగిన అక్షరాలని వేలితో తడిమాడు.

గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. ఆకురాయి కిటికీ గట్టు మీదే ఉంది. నాలుగు రుద్దులు రుద్దితే అయిపోతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఆగస్టా చేయి అటు కదలబోయింది.

"పదింటికన్నారు కదూ?" అన్నాడు అడ్మిరల్.

"అవును నాన్నా."

ఆయన టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. ఎదురొచ్చిన అధికారికి దారి ఇస్తూ, "కూర్చోండి. ఆ గంట చూస్తూ ఉండండి. లోపల కూడా చూడండి" అని వెళ్ళిపోయాడు.

ఆగస్టా తండ్రి వెనకాలే నడిచింది. ఏడుస్తూనే నడిచింది.

శ్మశానంలో గొయ్యి పక్కన పాదిరి ఒక్కడే రిజిస్టరు పట్టుకుని ఉన్నాడు. పతకాల్లో మెరిసిపోతున్న అడ్మిరల్‌ని చూసి కంగారుపడ్డాడు.

"ఈమె మీకు తెలుసా అండీ?"

"తెలీదు. మొన్న మా ఇంటికొస్తే గెంటేశాం."

"పేరు?"

"టామ్సిన్."

"మరి మీకేమవుతుందని రాయమంటారు?"

అడ్మిరల్ టోపీ తీశాడు.

"అమ్మ అని రాయండి."