ఎవరి సాయమూ లేకుండా

"పట్టుకుంటారా, పడిపోతారా? ఏదో ఒకటి తొందరగా తేల్చుకోండి అయ్యగారూ. లారీ నాకోసమే ఆగదు, మీకోసం ఆగుతుందా?"

అడిగినవాడు బుతోయి. లారీ వెనక కొక్కేన్ని ఒక చేత్తో పట్టుకుని, పెడల్ తొక్కే పనే లేకుండా సైకిలు మీద కొండెక్కుతున్నాడు. పొద్దున్నే ఆరు అరటిగెలలు కింద బుజుంబురా పట్నంలో దింపేసి ఇంటికి పోతున్నాడు. ఆ దారిలో గెలలు మోసేవాళ్ళంతా దిగేటప్పుడు బ్రేకుల్ని, ఎక్కేటప్పుడు లారీల్ని నమ్ముకుంటారు.

పక్కనే ఇంకో సైకిలు మీద అనిసే రొప్పుతున్నాడు. జవాబు చెప్పడానికి ఊపిరి ఉండాలి కదా! పదకొండు రోజులు ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా సైకిలు మీద దేశంలో ఉన్న కొండలన్నీ చుట్టాక, పన్నెండో రోజు ఈ ఆఖరి ఎత్తులో కుడి పిక్క పట్టేసింది. పదకొండున్నర అయింది. ఇంకా ఎనిమిది కిలోమీటర్లుంది. పన్నెండింటికల్లా పైన బుగరామాలో స్వాగత సభకి చేరుకుంటే కమ్యూన్ పెద్ద, అంటే ఆ మండలానికి అధికారి, స్వయంగా క్రీడాధికారి ఉద్యోగం కాగితం చేతికిస్తాడు. చేరుకోకపోతే పాత గుమాస్తా కుర్చీ ఎక్కడికీ పోదు, అదే అతని భయం.

సన్నగా తుంపర పడుతోంది. లారీ టార్పాలిన్ కప్పుకుని మూలుగుతూ పాకుతోంది.

"ఎవరైనా... చూస్తున్నారా?" అన్నాడు అనిసే ఎట్టకేలకు.

"రెండు మేకలున్నాయి. అవి ఊళ్ళో చెప్పవు లెండి."

అనిసే ముందుకి చూశాడు, వెనక్కి చూశాడు, చెయ్యి చాచి రెండో కొక్కెం పట్టుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"అలా బిగుసుకుపోకండి. మేనమామ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోండి, చాలు. కాళ్ళెందుకు ఇంకా ఆడిస్తున్నారు?"

"ఆడనీ తమ్ముడూ. కాస్త మర్యాదగా ఉంటుంది."

హ్యాండిలుకి బిగించిన ఫోను మోగింది. అతని యాత్ర కబుర్లు రోజూ వినిపించే రేడియోవాళ్ళు! అనిసే బొటనవేలు సాగదీసి నొక్కాడు.

"అనిసే గారూ, శ్రోతలంతా మీ గొంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఎలా ఉంది ఆఖరి ఎత్తు?"

అసలు ఆయాసం తీరిపోయి చాలాసేపైంది. అనిసే కొత్తది తెచ్చుకున్నాడు. "ఎక్కుతున్నా... ప్రతి అంగుళం... నా సొంత కండతో..."

"ఏదో లారీ చప్పుడు వినిపిస్తోందే?"

"ఆ... పక్కనుంచి పోతోంది. దాని పొగంతా నా మొహానే. వెనక ఒకడు వేలాడుతున్నాడు కూడా. మన యువతకి నేను చెప్పేది ఒక్కటేనండీ. ఇంకొకళ్ళని పట్టుకుని పైకొచ్చినవాడు పైకొచ్చినట్టు కాదు!"

రేడియో అమ్మాయి "ఆహా" అంది. అనిసే ఫోను ఆపి, పక్కకి చూడకుండా ఉండబోయాడు. కానీ బుతోయి చూస్తూనే ఉన్నాడు.

"ఆ ఒకడు నేనేనా అయ్యగారూ?"

"ఛ ఛ, నిన్నెందుకంటాను? పొట్టకూటికోసం చేసేవాళ్ళ సంగతి వేరు. ఏదో మాటవరసకి..."

"పర్లేదు లెండి, బాగా చెప్పారు. వింటుంటే నాకే సిగ్గేసింది. వదిలేద్దామా అనిపించింది."

"అయ్యయ్యో, నువ్వెందుకు వదలడం? ఈ సంగతి మాత్రం ఎవరితోనూ అనకు."

"అన్నా ఎవరు వింటారు? మా ఆవిడే నా మాట వినదు."

అనిసే మనసు కుదుటపడింది. తుంపర చుక్కలు నుదుటి మీద అచ్చం చెమటలాగే నిలిచాయి. చక్కగా ఉన్నాయని తుడుచుకోలేదు. ఆఖరి మలుపు ముందు లారీని వదిలేసి, అరకిలోమీటరు అవస్థపడుతున్నట్టు తొక్కుకుంటూ వెళ్ళాలి. కాగితం అందుకునేటప్పుడు కాళ్ళు వణికించాలా, వద్దా? కుడికాలు ఒక్కటీ వణికిస్తే నమ్మకంగా ఉంటుంది.

మలుపు కనిపించింది. వాన ఆగింది. ఎండ కూడా వచ్చింది.

ఎండ రాగానే టార్పాలిన్ లోపల ఎవరో తాళ్ళు విప్పుతున్న చప్పుడైంది. అనిసే ఇంకా కొక్కెం మీద నుంచి చెయ్యి తియ్యకముందే వెనక తెర పైకి లేచింది.

లోపల ఎర్రబట్టలు కట్టుకున్న పదిహేను మంది డోళ్ళవాళ్ళు తమ తమ డోళ్ళని వానకి తడవకుండా కావిలించుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య, సొంత కారు ఎక్కడ మొరాయించిందో ఏమో, ఒళ్ళో కాగితంతో కమ్యూన్ పెద్ద ఉన్నాడు. టార్పాలిన్ గుడ్డే గాని గోడ కాదని అందరి మొహాల్లోనూ తెలిసిపోతోంది.

డోళ్ళవాళ్ళలో ముసలాయన మర్యాదగా గొంతు సవరించుకుని, కర్రలు చేతిలోకి తీసుకున్నాడు.

"స్వాగతం ఇక్కడే వాయించెయ్యమంటారా బాబూ, లేకపోతే మమ్మల్ని పట్టుకుని మీరు పైకొచ్చాక వాయించమంటారా?"