గడపలో మూడో జత

కూతురూ అల్లుడూ ఇల్లు చేరాక, గడపలో వాళ్ల చెప్పులు చూసి నీటిరంగులతో బొమ్మ వేస్తేనే నాకు నిద్ర. నా బొమ్మల పుస్తకం నిండా చెప్పులే.

ఆ రాత్రి తొమ్మిదైనా వాళ్లు రాలేదు. వీధిలో బండి చప్పుడైనా లేదు. పాపిష్టి మనసు కీడే శంకించింది. ఉండబట్టలేక పుస్తకం తెరిచాను.

కొత్త పేజీలో రెండు జతల చెప్పులు, మధ్యన వేలెడంత ఎర్ర జోళ్లు. ముట్టుకుంటే తడి రంగు అంటింది.

అప్పుడే కూతురు వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది.

"డాక్టరు మాకే ఇప్పుడు చెప్పింది. నీకెవరు చెప్పారమ్మా?"

"నేను వేయలేదే."

"చాల్లే, అమ్మమ్మా," అంటూ వాటేసుకుంది.

ఏడుస్తూనే నవ్వాను. కుంచె మాత్రం నిన్న కడిగిపెట్టిన చోటే పొడిగా ఉంది. పుస్తకం మూయలేదు. చిన్న జోళ్లు ఆరాలి కదా.