లూదియా కోరిన కీర్తన

కుందూ ఏరు పొంగి రాజరత్నం ఉపదేశిని తీసుకపోయిన పన్నెండో ఏడు. శనగ కోతల కాలం. నంద్యాలలో చర్చి అరుగు మీద జ్ఞానప్రకాశం ఫిడేలు తీగ బిగిస్తా ఉంటే ఆళ్లగడ్డ నుంచి యేసురత్నం వచ్చి ఎదురుగా నిలబడినాడు. ఉపదేశి కూతురు లూదియాకు అతను మరిది.

"బయల్దేరన్నా. వదిన నిన్ను పిలుచుకొని రమ్మనింది."

"అక్కకు ఎట్లుంది?"

"ఎట్లుండేదేముంది? గంజి కూడా దిగడంలే. పాట చెప్పేసింది."

వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉంది. పోయే మనిషి తన సమాధి కాడ ఏ కీర్తన పాడాలో ముందే చెప్పుకుంటారు. చెప్పినాక ఎవరూ మార్చకూడదు. అది పాడందే మన్ను వేయరు.

"ఏ పాట?"

"నాయన నా మీద కట్టిన పాట అంటాంది. అది నీకొక్కనికే వస్తాదంట."

తీగ మీద చేయి ఆగిపోయింది.

రాజరత్నం ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు. మంచి రాగాల్లో కీర్తనలు కట్టేవాడు. రాసిపెట్టే అలవాటు లేదు. చర్చిలో పాడింది ఒకటో రెండో. మిగతావి ఇంకా పచ్చిగా ఉన్నాయి అనేవాడు. శిష్యుణ్ణి, అంటే జ్ఞానప్రకాశాన్ని, ఒక్కణ్ణే చేలగట్ల మీదికి తీసుకపోయి పాఠం చెప్పేవాడు. ఏరు ఆయన్ను తీసుకపోతే పాటలూ పోయినాయని అందరూ ఏడ్చినారు. మరుసటి ఈస్టరుకు జ్ఞానప్రకాశం లేచి, "ఇది ఉపదేశిది" అని ముఖారిలో ఒకటి పాడినాడు. చర్చి అంతా మోకాళ్ల మీద పడింది. అప్పటినుంచి అప్పుడొకటి ఇప్పుడొకటి పాడతానే వచ్చినాడు. కోయిలకుంట్లలో, దొర్నిపాడులో, యాడ చూసినా అవే పాటలు. నీదొకటి పాడు అంటే మాత్రం, "ఆయన ముందర నాదేంది?" అనేవాడు.

బస్సులో యేసురత్నం నోరు ఊరుకోలేదు.

"గుర్తుంది కదన్నా?"

"చూస్తాండా."

"చూసేదానికి అదేమన్నా బస్సు బోర్డా? ఊరందరికీ పాడతావు. ఆయన కూతురు అడిగితే మర్చిపోతివా?"

జ్ఞానప్రకాశం కిటికీ వైపు తిరిగినాడు. పెదాలు కదిలినాయి. ఆగినాయి. మళ్లా కదిలినాయి.

"రాకపోతే వేరేది పాడుకుందాం రత్నం."

"ఆ మాట నువ్వే చెప్పుకో. అడిగిన పాట లేకుండా మన్నేస్తే మావోళ్లు నన్ను బతకనిస్తారా? ఆమెన్నా కళ్లు మూస్తాదా?"

ఆళ్లగడ్డ చేరేసరికి పొద్దు వాలింది. లూదియా నులక మంచం మీద ఎముకల గూడు మాదిరి ఉంది.

"వచ్చినావా ప్రకాశం? బాగా చిక్కిపోయినావే."

"నువ్వు అనాల్సిన మాటేనా అక్కా అది?"

ఆమె నవ్వబోయింది. దగ్గు అడ్డమొచ్చింది. తేరుకొని, "పాడప్పా" అనింది.

అతను ఫిడేలు తీసినాడు. కమాను ఆనించినాడు. తీసేసినాడు.

"రావడంలే అక్కా."

వాకిట్లో ఆడోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యేసురత్నం నెత్తి కొట్టుకున్నాడు. లూదియా అందర్నీ బయటికి పొమ్మంది.

"ఏడవాకు. తొట్లె ఊపుతా ఆనందభైరవిలో ఏదో అనేవాడు నాయన. మాటలు నాకూ తెలీవు. ఎప్పుడన్నా పాడించుకుందాం అనుకుంటానే ఉంటి. ఏరు తీసుకపాయె."

"తప్పు పాడితే నీకు తెలిసిపోతాదక్కా. ఊళ్లో వాళ్లు వేరు, నువ్వు వేరు."

"నువ్వు పాడిన నాయన పాటలన్నీ విన్నా. విన్నప్పుడల్లా ఆయన చెప్పులు విడిచి ఇంట్లోకి వచ్చినట్టే ఉండె. నాకు తప్పేమీ కనపళ్లేదు." ఆమె అతని చేయి పట్టుకునింది. "పొద్దున పాడు. అంతవరకూ ఉంటాలే."

తెల్లారినాక జ్ఞానప్రకాశం ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఈసారి కమాను ఆగలేదు. పల్లవి వచ్చింది. చరణాలు వచ్చినాయి. వాకిలి నిండా జనం చేరినారు. పాట అయిపోయేదాకా లూదియా కళ్లు తెరవలేదు.

"అదే," అనింది. "మా నాయనదే."

యేసురత్నం తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంత బాగా గుర్తు పెట్టుకొని నిన్నంతా ఏడిపిస్తివి కదన్నా!"

జ్ఞానప్రకాశం ఫిడేలు తీగ వదులు చేసినాడు.

ఉపదేశివని పాడిన మిగతావన్నీ కట్టినట్టే, ఆ పాటా రాత్రికి రాత్రి అతనే కట్టినాడు.