ఆరడుగుల మాస్టారు

...ఎక్కాలంటే మామగారు కాలు చాచాల్సిందే, అంతటి ఆరడుగుల మనిషీ తలుపు పట్టుకుని ఒక్క క్షణం పైకి చూడాల్సిందే, ఆ ఒక్క క్షణంతో ఆరేళ్ళ కసి తీరిపోతుంది అనుకుంటున్నాడు అల్లుడు, టైర్ల దుకాణంలో జాకీ మీదున్న తన పికప్ బండిని చూస్తూ.

"అల్లుడుగారి బండిలో కూర్చుంటే గడప మీద కూర్చున్నట్టుంటుంది," అని మామగారు ఒకే ఒక్కసారి అన్నారు.

అల్లుడు అయిదడుగుల రెండంగుళాలు. ఆ మాట బండి గురించి కాదని అతనికి తెలుసు.

పోయిన నెలలో ముందు చక్రాల స్ప్రింగుల మీద ఇనుప బిళ్ళలు వేయించి, వంగి ఉండే బండి మూతిని వీపు మట్టానికి లేపాడు. లేపాక చక్రాలు చిన్నబోయాయి, పెద్దమనిషి పాంటు కింద పసివాడి చెప్పుల్లా. అందుకే ఇవాళ పాతవాటికంటే రెండంగుళాలు పెద్ద టైర్లు.

రేపు మామగారిని కొండ మీదికి తీసుకెళ్ళాలి. పదకొండు మలుపులు. "సరే, మీ బండిలోనే వెళ్దాం," అని ఆయన ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

"బాబూ, కిందికి దించాక స్టీరింగు చివరికంటా తిప్పి చూడండి," అన్నాడు బెంచీ మీది ముసలాయన.

అరగంటగా అక్కడే ఉన్నాడు. ఎడమచేత్తో కాఫీ తాగుతున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో తువ్వాలు కింద ఉంది. కాళ్ళు నేలకి అందడం లేదు.

"జాకీ మీద తిప్పి చూశాం పెద్దాయనా, ఎక్కడా తగల్లేదు," అన్నాడు టైర్ల మేస్త్రీ.

"జాకీ మీద చక్రం వేలాడుతుంది నాయనా. బరువు పడితే కదా పైకెళ్ళి కూర్చునేది!"

అల్లుడికి ఒళ్ళు మండింది. పొట్టివాళ్ళు సలహా ఇస్తే అతనికెప్పుడూ మండుతుంది. అద్దంలోంచి ఎవరో మాట్లాడినట్టుంటుంది.

"ఈ బండిని లేపిన బిళ్ళలు ఎవరు చేశారో తెలుసా మీకు? అరవేలు మాస్టారు! చూపుడువేలు సగం లేతు మిషనుకి ఇచ్చేశారు. మిగిలిన సగంతో తడిమి వెంట్రుకవాసి తేడా చెప్పేస్తారు."

కాఫీ గ్లాసు నోటికీ ఒడికీ మధ్య ఆగిపోయింది.

"అంతటివాడా?"

"అంతటివారే. ఇలా బెంచీలెక్కి సలహాలివ్వరు."

"మీరు చూశారా ఆయన్ని?"

బిళ్ళలు తెచ్చింది బావమరిది. మాస్టారిని అల్లుడు ఎన్నడూ చూడలేదు. కానీ నోరు అప్పటికే బయల్దేరిపోయింది.

"చూడటమేంటి! నా భుజం మీద చెయ్యేసి మాట్లాడతారు."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యే."

"మనిషెలా ఉంటాడు?"

"ఎలా ఉంటారేంటి? నిలువెత్తు మనిషి. ఆరడుగులు. గుమ్మంలోంచి తల వంచుకుని రావాలి."

ముసలాయన ఆ మాటకి ఎందుకో చాలా సంతోషించాడు. బెంచీ మీద కాస్త నిటారుగా కూర్చున్నాడు కూడా.

బండి జాకీ దిగింది. టైరు పళ్ళు ఫోటోలో నిండుగా పడాలని అల్లుడు లోపలికెక్కి స్టీరింగుని చివరికంటా తిప్పాడు.

ఎక్కడో 'కర్ర్' మంది.

"కొత్త రబ్బరు సార్, కొంచెం మూలుగుతుంది," అన్నాడు మేస్త్రీ.

అల్లుడు దిగి, ఫోను ముసలాయన చేతిలో పెట్టాడు. "ఊరికే కూర్చున్నారుగా, ఒక ఫోటో తియ్యండి. నేనూ చక్రమూ పడాలి."

బానెట్‌కి ఆనుకున్నాడు. గడ్డం ఎత్తాడు. మామగారి కళ్ళుండే ఎత్తు చూసుకుని, అక్కడ గాలిలోకి గర్వంగా చూశాడు.

"కాసేపు అలాగే ఉండండి బాబూ," అంది గొంతు, ఎక్కడో కిందనుంచి.

మెడ పట్టేసింది.

"అయిందా?"

"అయింది. బాగా వచ్చింది. రేపు మలుపులెక్కే ముందు ఒకసారి చూసుకోండి," అని ఫోను చేతిలో పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, చెయ్యి జేబులో దోపుకుని వెళ్ళిపోయాడు.

అల్లుడు మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. ఇక్కడినుంచి లోకంలో అందరి మాడూ కనిపించేలా ఉంది. తాళం తిప్పబోతుంటే ఫోను మోగింది. బావమరిది.

"బావా, మాస్టారు వచ్చారా?"

"ఏ మాస్టారు?"

"అరవేలు మాస్టారు! నువ్వు పెద్ద టైర్లు ఎక్కించి నాన్నని కొండకి తీసుకెళ్తున్నావని పొద్దున ఫోన్లో చెప్పాను. 'ఆ బిళ్ళలు పాత చక్రానికి కొలిచి చేసినవిరా, మలుపులో స్టీరింగు పట్టేస్తే ఇద్దరూ లోయలో ఉంటారు' అని ఒకటే కంగారు. ఏ దుకాణమో అడిగి మరీ బయల్దేరారు."

"రాలేదురా. ఆరడుగుల మనిషెవరూ ఇటు రాలేదు."

"ఆరడుగులేంటి బావా? ఆయన నీ భుజం దాకా వస్తారు, అంతే."

అల్లుడు వీధిలోకి చూశాడు. ఎత్తు మీదినుంచి వీధి ఆ చివరిదాకా కనిపించింది. ముసలాయన మాత్రం కనిపించలేదు.

ఫోటో తెరిచాడు.

అందులో తను లేడు. బానెట్ లేదు, గడ్డం లేదు. తిప్పిన చక్రం మడ్‌గార్డుని ఒరుసుకున్న చోటు మాత్రం దగ్గరగా, స్పష్టంగా ఉంది. ఆ సందులోకి దూరలేక ఆగిపోయిన చూపుడువేలు ఒకటి.

సగమే ఉంది.

అల్లుడు తలుపు తీసి, నేల ఎంత దూరముందో చూసుకుని, దూకాడు. మేస్త్రీ చేతిలోంచి స్పానరు తీసుకుని, చక్రం ముందు గొంతుక్కూర్చుని, మొదటి నట్టు తనే విప్పాడు.